బంగాళాఖాతంలో బ్లాస్టింగ్ వేళ

మా బావ చెప్పే మాటలను మా కాలనీలో ఎవరూ పూర్తిగా నమ్మరు. నేను చెప్పే మాటలను ఎవరూ పూర్తిగా ఇష్టపడరు. మేమిద్దరం కలిసి బంగాళాఖాతం మీద తెరచాప పడవలో చేసిన ప్రయాణం గురించి రాయాలంటే ఈ రెండు సంగతులూ ముందే చెప్పాలి.

నేను గోదావరిఖనిలో బొగ్గు నాణ్యతను పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. బొగ్గు పొడిని కాల్చి, మిగిలిన బూడిదను తూచి చెప్పడం నా ఉద్యోగం. ఒకే నమూనాను రెండుసార్లు కాలుస్తాం. రెండు ఫలితాలూ దగ్గరగా వస్తేనే అంకె బయటికి వెళుతుంది. ఆ పద్ధతి ఎప్పుడో ఉద్యోగంలోంచి స్వభావంలోకి దిగిపోయింది. ఎవరు ఏ వింత చెప్పినా, ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, ఇంకెవరైనా చూశారా అని అడుగుతాను. పెళ్లి భోజనాల్లో నా పక్క కుర్చీ ఖాళీగా ఉండటానికి కారణం ఇదేనని మా అక్క అంటుంది. ఆ మాటకూ ఆమె దగ్గర ఆధారం లేదు.

బావ మా అక్క భర్త. గనిలో ఒక షిఫ్టు మనుషుల బాగోగులన్నీ చూసుకునే ఓవర్‌మన్‌గా చేసి, ఆ ఏడాదే రిటైరయ్యాడు. బొగ్గు మోసే టబ్బు బండ్ల పట్టాల మీద ఆయన చూసిన కొండచిలువ, చెప్పిన ప్రతిసారీ కాస్త పొడుగయ్యేది. గని ముఖద్వారం దగ్గర ఆయన చూసిన చిరుతపులి మరునాటికి క్యాంటీన్ కుక్కగా తేలింది. పులి వెళ్లిపోయాకే కుక్క వచ్చిందని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు.

చదువుకునే రోజుల్లో నేను హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాను. అక్కడ పరిచయమైన మిత్రుడొకరు నౌకాదళంలో పనిచేసి రిటైరై, ఒక పాత పడవ కొన్నారు. దానిని విశాఖపట్నం నుంచి అండమాన్‌కు చేర్చాలి, తోడుగా ఇద్దరు మనుషులు కావాలి అని అడిగారు. నేను సరేనన్నాను. రెండో మనిషి ఎవరా అని ఆలోచిస్తుండగానే బావ "నేనొస్త" అన్నాడు. సముద్రం ఎప్పుడైనా చూశావా అని అడిగితే, బ్యారేజీ నిండినప్పుడు గోదావరిని చూశానని జవాబిచ్చాడు.

ఈ సంగతి మరునాడే కాలనీ గేటు ముందున్న చాయ్ దుకాణానికి చేరింది. అక్కడ ఒక పొడుగాటి బల్ల ఉంది. రిటైరైన గని మనుషులకు అదే రెండో డ్యూటీ. వేళకు రాకపోతే ఇంటికి కబురు వస్తుంది. ఆ బల్లకు పెద్ద, బావ కంటే చాలా ముందే రిటైరైన ఒక ముసలాయన. ఆయనను అందరూ కాక అంటారు.

"సముద్రంల ఏం జూస్తవుర?" అన్నాడు కాక.

"తిమింగలాన్ని జూస్త కాక. నీ ఇల్లంత ఉంటది."

"నాది రేకుల ఇల్లు. గంతేనా?"

బల్ల చివరి నుంచి ఎవరో అందుకున్నారు. "నీళ్లల్ల పండుకున్న బర్రెను జూసి తిమింగలం అంటడు కాక, సూడు కావాల్నంటె."

బావ ముఖం ఎర్రబడింది. "తిమింగలం చూడకుంట వస్తె ఈ బల్ల మీద చాయ్ ముట్ట. ఒట్టు."

"నువ్వు చూసిన్నంటె మేం నమ్మం," అన్నాడు కాక తాపీగా. "గీ నీ బామ్మర్ది చూసిన్నంటె నమ్ముతం. గాయిన అబద్ధం ఆడడు, పక్కోన్ని ఆడనియ్యడు."

సరిగ్గా అప్పుడే పక్కనున్న ఓపెన్‌కాస్ట్ గనిలో, బొగ్గు మీది రాతిని పేల్చే రోజువారీ మధ్యాహ్నపు బ్లాస్టింగ్ జరిగింది. కాళ్ల కింద నేల ఒక్కసారి ఉలిక్కిపడింది, దుకాణంలో బిస్కెట్ సీసాలు గలగలమన్నాయి. దుమ్ము పడకుండా అందరం గ్లాసుల మీద అరచేతులు మూశాం, గడియారం వంక ఒకసారి చూశాం. "ఇయ్యాల జల్దీ ఏసిండ్రు" అని ఎవరో అన్నారు. చేతులు తీసి చాయ్ తాగాం. పందెం మాత్రం అలాగే నిలిచిపోయింది. బావకు ఆ బల్ల మీది చోటు, నాకు నా మాట. రెండూ మేము చూడని ఒక జంతువు చేతిలో పడ్డాయి.

ఫిబ్రవరి చివర బయలుదేరాం. మొదటి రోజు తీరమంతా మంచులాంటి మసక. విశాఖ తీరపు కొండ మాయమయ్యాక ఈశాన్యం నుంచి స్థిరమైన గాలి అందుకుంది. పడవ ఒక పక్కకు ఒరిగి, ఒకే తీరుగా పరుగెత్తసాగింది. కొన్ని గంటలు గడిచేసరికి, తెరచాప విద్య తెలిసిన నేను పడవ అంచు పట్టుకుని వాంతులు చేసుకుంటున్నాను. "గనిల కేజీ లిఫ్టుల దిగినోనికి గీ ఊపుడు ఓ లెక్కనా" అంటూ బావ నా వీపు నిమిరాడు. మరునాడు గాలి దిశ కాస్త మారగానే ఆయన కూడా నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. కేజీ సిద్ధాంతం అంతటితో ముగిసింది.

పడవకు కెప్టెన్ అయిన నా మిత్రుడు రోజును వంతులుగా పంచారు. బావ వాటికి ఫస్టు షిఫ్టు, సెకండ్ షిఫ్టు అని పేర్లు పెట్టాడు. పడవ లోపలి గదిలో గ్యాస్ పొయ్యి ఉండటంతో ఆ గది ఆయనకు గనితో సమానమైంది. గనిలోకి దిగేముందు అగ్గిపెట్టెల కోసం జేబులు వెతుకుతారు కదా, అలాగే ఆయన మెట్ల దగ్గర నిలబడి, సిగరెట్ తాగే కెప్టెన్‌ను ఆపేవాడు.

"జేబులు చూపియ్యి సార్."

"బావగారూ, ఇది నా పడవండీ."

"గని గూడ మేనేజర్‌దే సార్. ఆయన జేబులు గూడ చూస్తుంటిమి."

కెప్టెన్ నవ్వుతూ లైటర్ తీసి ఇచ్చేవారు. మూడు పూటలు గడిచేసరికి, అడగకముందే ఇవ్వడం అలవాటైంది.

బావకు పడవలో బాగా నచ్చిన వస్తువు బారోమీటరు. గాలి ఒత్తిడి తగ్గితే గనిలో మూసేసిన పాత చోట్ల నుంచి వాయువు బయటికి వస్తుంది; అందుకని గని మనుషులకు ఆ ముల్లు మీద భక్తి. సముద్రం మీద ప్రతి మధ్యాహ్నం ముల్లు కొంచెం దిగేది. దిగిన ప్రతిసారీ ఆయన తుఫాను ప్రకటించేవాడు. ఈ ప్రాంతాల్లో గాలి ఒత్తిడి రోజూ మధ్యాహ్నం తగ్గి పొద్దుపోయాక పెరుగుతుందని, అది వాతావరణానికి ఊపిరి లాంటిదని నేను రోజూ వివరించేవాడిని. అప్పుడాయన బారోమీటరును వదిలి మోకాలిని పట్టుకున్నాడు. మోకాలు గుంజితే వాన తప్పదట. నేను మనసులో లెక్క పెట్టుకున్నాను. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా అన్ని ఊహలు నిజమయ్యేవి.

నిజంగా వాన వచ్చిన పూట మోకాలు గుంజలేదు, ముల్లు కదలలేదు. తూర్పున నీటి మీద ఒక నల్లటి గీత కనిపించింది. "చాప దించండి!" అని కెప్టెన్ అరిచేలోపే చల్లటి గాలి మీద పడింది. తెరచాపను సగానికి మడిచి కట్టడానికి మేమిద్దరం తాళ్లతో కుస్తీ పడుతుంటే, వాన అడ్డంగా వచ్చి చెంపల మీద కొట్టింది. పడవ ఎంతగా ఒరిగిందంటే వంటగదిలోని ఉల్లిగడ్డలు ఒక గోడ నుంచి మరో గోడకు వలస వెళ్లాయి. కాసేపటికి గాలి తగ్గి, ఉత్త వాన మిగిలింది. మంచినీటి స్నానం దొరికిందని బావ గబగబా ఒళ్లంతా సబ్బు పూసుకున్నాడు. వాన ఆగిపోయింది. నురగతో నిలబడి ఆకాశాన్ని తిడుతున్న ఆయనకు నేను బకెట్‌తో ఉప్పునీరు అందించాను.

తిమింగలాల సంగతి ఈ వాతావరణం కంటే అస్థిరంగా ఉండేది. మొదటిది దుంగ. రెండోది మేఘం నీడ. మూడోదాని విషయంలో బావకు సందేహమే లేదు.

"బామ్మర్దీ! అగో, తిమింగలం మీద పిట్ట నిలవడ్డది!"

దుర్భిణీ తీసి చూశాను. నిద్రపోతున్నట్టు తేలుతున్న ఒక సముద్రపు తాబేలు. దాని డిప్ప మీద ఒక పిట్ట, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంది.

"తాబేలు బావా."

"గింత పెద్ద తాబేలు ఉంటదా?"

"ఉంటది."

"గింత పెద్ద తాబేలు ఉన్నప్పుడు గింత చిన్న తిమింగలం ఉండదా?"

ఈ వాదంలో తర్కం ఎక్కడ తప్పిందో చెప్పేలోపే తాబేలు మునిగిపోయింది. పిట్ట చికాకుగా ఎగిరిపోయింది.

ఎగిరే చేపలు ప్రతి ఉదయం డెక్ మీద పడి ఉండేవి. బావ వాటిని ఏరి, కారం పెట్టి వేయించేవాడు. ఒక ఉదయం డాల్ఫిన్ల గుంపు వచ్చి పడవ ముక్కుకు అటూ ఇటూ ఈదింది. బావ బోర్లా పడుకుని, చెయ్యి నీటి వైపు చాచి, చిన్నపిల్లలను పిలిచినట్టు వాటిని పిలిచాడు. అవి పక్కకు తిరిగి ఒక కంటితో ఆయనను చూశాయి. అప్పుడు నేను, అడగని సంగతి చెప్పే నా అలవాటు కొద్దీ, జంతుశాస్త్రం ప్రకారం డాల్ఫిన్లు కూడా పళ్లున్న తిమింగలాల వర్గంలోకే వస్తాయని అన్నాను.

బావ లేచి కూర్చున్నాడు. "సచ్చేనా?"

"సచ్చే, నిజమే."

ఆయన ఆ గుంపును చాలాసేపు చూశాడు. తరవాత తల అడ్డంగా ఊపాడు. "కాక ఇల్లంత ఉంటదన్న. ఇవి కాక కోళ్లగూడంత గూడ లెవ్వు. చెల్లది."

ఆయన నోటి నుంచి అలాంటి మాట వినడం నాకు అదే మొదటిసారి.

ఆ తరవాత గాలి పూర్తిగా పడిపోయింది. సముద్రం నూనె పోసినట్టు నున్నగా మారింది. తెరచాప ఆరేసిన దుప్పటిలా వేలాడింది. పలచగా, పసుపు చారలతో ఒక సముద్రపు పాము తొందరేమీ లేకుండా మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను చాయ్ చేశాను. కెప్టెన్‌వి ప్లాస్టిక్ కప్పులు. వాటిలో చాయ్ చాయ్‌లా ఉండదని బావ ఇంటి నుంచి మా ఇద్దరికీ స్టీలు గ్లాసులు తెచ్చాడు. ఇద్దరం చుక్కాని దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. కెప్టెన్ పడవ ముందు భాగంలో ఏదో తాడు సరిచేసుకుంటున్నారు.

అప్పుడు కింద నుంచి ధబ్బుమని ఒక దెబ్బ. పడవ కాస్త లేచి దిగింది. వంటగదిలో గిన్నెలు గలగలమన్నాయి.

నా కుడి అరచెయ్యి గ్లాసును మూసింది. నా కళ్లు ఎడమ చేతి గడియారం మీదికి వెళ్లాయి. ఎదురుగా బావ అరచెయ్యి కూడా గ్లాసు మీదే ఉంది, ఆయన కూడా గడియారమే చూస్తున్నాడు.

"ఇయ్యాల లేటయింది" అన్నాడు బావ.

"అదిగో! అదిగో! చూడండి, వెళ్లిపోతోంది!" కెప్టెన్ అరుపు వినబడి ఇద్దరం తలలు తిప్పాం. పడవ పక్కన నీటి మీద ఇస్త్రీ చేసినట్టు నున్నని, గుండ్రని మడుగు ఒకటి పరుచుకుని ఉంది. దాని చుట్టూ అలలు, లోపల ఒక్క ముడత లేదు. ఆ వెంటనే వాసన వచ్చింది. కుళ్లిన చేపలు, మురిగిన క్యాబేజీ, వాటితోపాటు వెచ్చని తేమ.

"వీపు చూశానండీ," అన్నారు కెప్టెన్ రొప్పుతూ. "నల్లగా, ఈ పడవంత వీపు. ఊపిరి వదిలి మునిగిపోయింది. ఏ జాతో చెప్పలేను గానీ తిమింగలమే. అడుగున రాసుకుంటూ పోయింది." తరవాత మా చేతుల వంక చూశారు. "అంత జీవం పక్కన లేస్తుంటే మీరిద్దరూ వాచీలు చూసుకుంటున్నారేంటండీ? బస్సేమైనా తప్పిపోతుందా?"

మేము చేతులు తీశాం. బావ వెంటనే అలవాటు కొద్దీ మనుషులను లెక్క పెట్టుకున్నాడు; ముగ్గురమూ ఉన్నాం. పడవ అడుగున నీరు ఊరుతోందేమో చూశాం; లేదు. ఆ మధ్యాహ్నమంతా కళ్లు నొప్పి పుట్టేలా నాలుగు దిక్కులా చూశాం. సముద్రం ఏమీ ఎరగనట్టు మెరుస్తూ ఉండిపోయింది.

సాయంత్రం బావ నా పక్కకు జరిగాడు. గొంతు తగ్గించాడు.

"బామ్మర్దీ, నల్లగ ఏదో కనవడ్డది గదా?"

"నీకు కనవడ్డదా?"

ఆయన నీటి వైపు చూశాడు. "కనవడలే."

"నాకు గూడ కనవడలే."

"జర కనవడ్డదని చెప్పు. కాక ముంగట ఒక్కసారి. తోక వద్దు, రెక్క వద్దు. ఉత్త నలుపు చాలు."

తిమింగలం వచ్చిందనడానికి మా దగ్గర చాలినంత ఆధారం ఉందని చెప్పాను. దెబ్బ తగిలింది, వాసన వచ్చింది, నీటి మీద గుర్తు మిగిలింది, కెప్టెన్ కళ్లతో చూశారు. కానీ అది వచ్చింది అనడం వేరు, నేను చూశాను అనడం వేరు.

"గీ రెండిట్ల ఫరక్ కాకకు తెల్వది బామ్మర్దీ."

"నాకు తెలుసు గదా బావా."

ఆయన లేచి పడవ ముందు భాగానికి వెళ్లిపోయాడు. గని పైకప్పును కర్రతో తట్టి, ఆ శబ్దాన్ని బట్టి రాయి గట్టిగా ఉందో లేదో చూస్తారు. ఆ అలవాటుతో ఆయన ప్రతి ఉదయం పడవ స్తంభాన్ని తట్టి చెవి పెట్టి వినేవాడు. మరునాడు తట్టలేదు. గాలి తిరిగి వచ్చింది, పక్షులు పెరిగాయి, చివరికి ఆకుపచ్చని గీతలా దీవులు కనిపించాయి. అంత అందమైన రాకను అంత ముభావంగా చూసిన మనిషి మరొకరు ఉండరేమో. దీనికి నా దగ్గర పోల్చి చూసే సమాచారం లేదు.

ఇంటికి వచ్చాక బావ బల్ల వైపు వెళ్లలేదు. పొద్దున కూరగాయలకు కూడా వెనక సందులోంచి వెళ్లేవాడు. వారం తిరగకుండానే అక్క మా ఇంటికి వచ్చింది.

"పొద్దుగూకులు ఇంట్ల కూసొని నా పానం తింటుండు. పప్పుల ఉప్పెక్కువ, ఫ్యాను స్పీడు తక్కువ! చూసిన్నని ఒక్క మాట చెప్పరాదుర తమ్మీ? ఒక్క అబద్ధం ఆడితె నీ డిగ్రీ వాపస్ తీస్కుంటరా?"

"తీస్కోరు అక్కా."

"మరి?"

ఆ మధ్యాహ్నమే వాళ్లింటికి వెళ్లి, బావను బలవంతంగా లేవదీసి బల్ల దగ్గరికి తీసుకెళ్లాను. ఏం చెప్పాలో దారి పొడుగునా వాక్యాలు కూర్చుకున్నాను. బల్ల నిండుగా ఉంది. కాక బావను చూడలేదు, నన్నే చూశాడు. నా చేతికి చాయ్ వచ్చింది. బావ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"చూసినవా?" అన్నాడు కాక.

"చూడలే కాక. కానీ..."

ఆ 'కానీ' తరవాత నేను కూర్చుకున్న వాక్యాలన్నీ నవ్వుల్లో మునిగిపోయాయి. "బర్రెనన్న కనవడ్డదా?" అని బల్ల చివరి నుంచి ఎవరో అరిచారు. బావ మెల్లగా లేవబోయాడు.

అప్పుడు బ్లాస్టింగ్ జరిగింది. నేల ఉలిక్కిపడింది, బిస్కెట్ సీసాలు గలగలమన్నాయి. నేను గడియారం మీంచి కళ్లు తీసేసరికి, బావ సగం లేచిన మనిషి సగంలోనే ఆగి, బల్లనంతా ఒక చివర నుంచి మరో చివరిదాకా చూస్తున్నాడు. అందరి అరచేతులూ ఇంకా గ్లాసుల మీదే ఉన్నాయి. ఆయన చేతిలో మాత్రం గ్లాసు లేదు.

"కాక," అన్నాడు బావ, "ఇప్పుడు నీ ముంగటికెల్లి బర్రె వోయింది. చూసినవా?"

"ఏ బర్రె?"

"నల్ల బర్రె. గీ రోడ్డు మీదికెల్లే. ఎవలన్న చూసిండ్రా?"

బల్ల మీది వాళ్లందరూ రోడ్డు వంక తిరిగారు. రోడ్డు ఖాళీగా ఉంది.

"సముద్రంల గూడ గిట్లనే వోయింది," అన్నాడు బావ. "పడవ కింద ధబ్బున కొట్టింది. నేను చాయ్ మీద చెయ్యి వెట్టి గడియారం జూసిన. గీ సైన్సోడు గూడ గదే పని. లేటయిందని అన్న కాక, సముద్రంల! తలకాయ తిప్పేసరికి వాసన మిగిలింది. చూడలే. నేను గూడ చూడలే."

కాక తన గ్లాసు మీది అరచేతిని అప్పుడే గమనించినట్టు చూసుకున్నాడు. తరవాత ఆయన భుజాలు కదిలాయి. ఆ నవ్వు దగ్గుగా మారి, మళ్లీ నవ్వుగా మారింది.

"చూసిన్నంటె నమ్మకపోతుంటి," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఏయ్, ఈయనకు చాయ్ వొయ్యి."

"చూడకుంట ముట్టనన్న గదా కాక."

"ఒట్టు మా ముంగటనే గదా వెట్టినవు, మేమే తీస్తున్నం. కూసో. వాసన ఎట్లుండె?"

బావ కూర్చున్నాడు. గ్లాసు రెండు చేతులతో అందుకున్నాడు. వాసన ఎలా ఉందో చెప్పడం మొదలుపెట్టాడు. కుళ్లిన చేపల వరకు నిజమే చెప్పాడు. ఆ తరవాత వాసన కాస్త పెరుగుతుండగా నేను దగ్గాను, ఆయన తగ్గించాడు.

ఇంటికి వెళుతూ అడిగాను. "బావా, నిజంగ బర్రె వోయిందా?"

"నువ్వు గాడనే ఉంటివి గదా బామ్మర్దీ. నువ్వే చెప్పు."

మలుపు దగ్గర రోడ్డు మీద తాజా పేడ కనిపించింది. ఆగి, వంగి చూశాను. అది ఆధారమే. కానీ నేను చూశానని చెప్పలేను.